రెండు చుక్కల నూనె

చంద్రమోహన్ మైకుసెట్టు పాడేది కాదు, పోట్లాడేది. పాత ట్రాక్టరు డైనమోతోనే దాని మైకు, బల్బులు నడిచేవి. ఇంజను వేగం పెంచితే చాలు, స్పీకర్లో ఆవాలు చిటపటలాడినట్టు గోల. బల్బులు భగ్గున వెలిగి మాడిపోయేవి. మంత్రాలయం పక్క పల్లెలో నాటకంవాళ్లు తేల్చిచెప్పారు: ఈ సాయంత్రం పద్యం మధ్యలో ఒక్కసారి గీపెట్టినా వచ్చే ఏడు కల్లూరు నుంచి వేరే సెట్టు తెచ్చుకుంటారట. మగ్గం అమ్ముకుని కొన్న సెట్టు అది.

ఆయన కూతురు భువనకు భయం కన్నా కుతూహలమే ఎక్కువ. ఎలక్ట్రికల్ డిప్లొమా చదివినా, నాన్న ఆ ట్రాక్టరు మీద చెయ్యి వెయ్యనిచ్చింది ఈరోజే. ఇంజను నెమ్మదిస్తే గోల తగ్గుతోంది, పెంచితే పెరుగుతోంది, ఆపి బ్యాటరీ మీద మైకు పెడితే చడీచప్పుడు లేదు. అంటే దొంగ మైకులో లేడు, డైనమోలో ఉన్నాడు! కరెంటు బయటికొచ్చే చోట గోలను మింగే కండెన్సరు ఒకటి కట్టింది. చిటపట సగానికి తగ్గింది. బల్బులు మాత్రం ఎగిరెగిరి పడుతూనే ఉన్నాయి.

"ఇంక సాల్లేమ్మా," అన్నాడు చంద్రమోహన్.

"ఉండు నాయినా. మిగిలిన సగం యాడ దాక్కోనుండాదో సూడాల."

ఇంజను ఆపి డైనమో మూత విప్పింది. లోపల తిరిగే రాగి చక్రం తళతళలాడాలి. బొగ్గుముక్కలు దానికి గట్టిగా ఆనుకుని కరెంటు తీసుకోవాలి. తీరా చూస్తే అంతా నల్లటి జిడ్డు ముద్ద. బొగ్గుముక్కలు ఆనీ ఆనక రవ్వలు రాల్చిన గుర్తులు. దొంగ దొరికాడని ఆమె ఉబ్బితబ్బిబ్బయింది.

"ఈడికి నూనె యాడ్నుంచి వచ్చింది నాయినా?"

"నేనే పోస్తాండా," అన్నాడాయన గర్వంగా. "శనివారం శనివారం రెండు సుక్కలు. మగ్గానికి పోసినట్లే. తిరిగేదానికి నూనె లేకుంటే ఎట్లమ్మా?"

నాలుగేళ్లుగా బల్బులు మాడ్చింది ఈయన ప్రేమే! చెబితే నొచ్చుకుంటాడు. చెప్పకుంటే వచ్చే శనివారం మళ్లీ పోస్తాడు.

"దీనికి పొడిగా ఉండడమే మేలు నాయినా. నూనె తగిల్తే పిచ్చెక్కుతుంది."

ఆయన వంగి ఆ జిడ్డును వేలితో తాకి చూశాడు.

"అయితే ఇన్నేండ్లూ నేనే..."

తర్వాత భుజం మీది తువ్వాలు తీసి చాచాడు. ఆయన మగ్గం మీద దించిన ఆఖరి బట్ట అది, దాంతో చేతులు కూడా తుడుచుకునేవాడు కాదు.

"దీంతో తుడువు. మంచి నూలు, పోగు రాలదు."

భువన దాన్ని పెట్రోలులో తడిపి తుడిచింది. బొగ్గుముక్కలు కొత్తవి వేసింది, కరెంటు హెచ్చుతగ్గులను అదుపుచేసే రెగ్యులేటరు దగ్గర వదులైన తీగ బిగించింది.

సాయంత్రం పద్యం ఊరంతా మోగింది, బల్బులు రెప్ప వెయ్యలేదు. చంద్రమోహన్ మాత్రం స్పీకరు పక్కన చెవి రిక్కించి, లేని చిటపట కోసం వెతుకుతూ నిలబడ్డాడు. కాసేపటికి వచ్చి నూనె డబ్బా కూతురి చేతిలో పెట్టాడు.

"నీ కాడే ఉండనీ తల్లీ. శనివారమొస్తే నా సెయ్యి ఊరుకోదు."