ముందు ఈ చీటీ నింపండి

ఆమె టైపు మిషన్‌లో మూడో కాగితం ఎక్కించేలోపే భర్త బల్ల రెండుసార్లు గుద్దాడు. పఠనమందిరంలో ప్రతి ఆదివారం పదిమంది ముందు ఇదే తంతు. ఆయన దేవుడు లేడంటాడు, ఆమె తమ్ముడు ఉన్నాడంటాడు. ఇద్దరి మాటలూ పొల్లుపోకుండా టైపు చేయడం ఆమె పని. పంతొమ్మిదేళ్లలో ఆమె వేళ్లు అరిగాయి గాని వాదన అంగుళం కదల్లేదు.

ఒకప్పుడు ఆ బావా బావమరదులది ఒకే కంచంలో తినేంత స్నేహం. ఇప్పుడు తమ్ముడు ఆమె గడప తొక్కడు. ఆ కాగితాలన్నీ తిరిగి చదివింది ఆమె ఒక్కతే. దేవుడు లేడని భర్త అనేది పైన కూర్చుని శిక్షలు వేసే ఒక పెద్దమనిషి గురించి. తమ్ముడి మాటల్లో ఆ పెద్దమనిషి ఒక్క పుటలోనూ కనిపించడు. ఎవరి దేవుడి గురించి వాళ్లు అరుచుకుంటూ తన ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీ చేశారు. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

లేచి ఇద్దరి ముందూ చెరో చీటీ పడేసింది.

"దేవుడంటే మీ ఉద్దేశం ఏంటో ముందు దీనిమీద రాయండి. తర్వాత గొంతులు చించుకుందురుగాని."

"చిన్నపిల్లలకి కూడా తెలిసినదాన్ని రాయడమెందుకు?" అని భర్త చీటీమీద టీగ్లాసు పెట్టి మళ్లీ ఉపన్యాసం అందుకున్నాడు.

"నీ గోల నీదేనా అక్కా," అని నవ్వాడు తమ్ముడు. పొద్దున్నుంచీ ఎడమ భుజం రుద్దుకుంటూనే ఉన్నాడు. అయినా జేబులోంచి కలం తీశాడు.

కాసేపటికి కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు.

"చూశారా! జవాబు లేక నిద్ర నటిస్తున్నాడు," అన్నాడు భర్త. వింటున్నవాళ్లు నవ్వారు. ఆమె అది కూడా టైపు చేసింది. తమ్ముడి కలం నేలమీద పడి దొర్లింది. అతను వంగి తీసుకోకపోయేసరికి ఆమె వేళ్లు ఆగిపోయాయి.

డాక్టరు వచ్చి నాడి చూసి తల అడ్డంగా ఊపాడు. బండి వచ్చేలోగా ఆమె తమ్ముడి ఒళ్లోని చీటీ తీసి చదివింది.

'బావ లేడనేవాడు నాకూ లేడు. నేననేది'

అంతే. తర్వాత ఏమీ లేదు.

భర్త ఆ చీటీని అటూ ఇటూ తిప్పాడు. "ఏమంటాడే వాడు? నీకు తెలుసుగా, చెప్పు."

ఆమెకు ఏడుపుకన్నా ముందు కోపం ముంచుకొచ్చింది. "పంతొమ్మిదేళ్లు మీ ఎదురుగా కూర్చుని చెప్పాడు. నేను టైపు చేసినవన్నీ ఆ బీరువాలో ఉన్నాయి. పోయి చదువుకోండి."

ఆయన గ్లాసు పక్కకు జరిపాడు. దాని కింద ఆయన చీటీ తెల్లగా అలాగే ఉంది, నడుమ గుండ్రటి టీమరకతో.