మోగు, మూగ

పింగాణీ కప్పుల కార్ఖానాలో ఆమె అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తొచ్చేది కాదు. అందరికీ ఆమె పాముచెవి. పాముకు చెవులే ఉండవంటారు చదువుకున్నవాళ్ళు. పోనీండి, ఈ మనిషికి మాత్రం ఉన్నాయి. అవతలి షెడ్డులో ఎవరైనా ఆమె మీద గుసగుసలాడితే ఇవతలి షెడ్డులోంచి జవాబు వచ్చేది.

బట్టీలో కాలి, చల్లారిన కప్పులు ఆమె బల్ల మీదికి చేరతాయి. చేతిలో చిన్న చెక్కపుల్ల. కప్పు అంచు మీద ఒకే ఒక్క దెబ్బ. నిండుగా ఖంగుమంటే అది 'మోగు', కుడిపక్కకి పోతుంది. కంటికి కనబడని బీట ఉన్నా సరే, కప్పు గొంతు పట్టేసినట్టు టక్కుమని ఊరుకుంటుంది. అది 'మూగ', ఎడంపక్కకి. ఎడంపక్కన బల్ల కింద పెంకుల తొట్టి. అందులో పడ్డది మళ్ళీ పైకి వచ్చింది లేదు. మూగ కప్పు పొరబాటున కుడిపక్కకి పోయిందా, ఎవరింట్లోనో వేడిది పోసినప్పుడు చేతిలోనే విడిపోతుంది. అందుకే మేస్త్రి ఆ బల్ల దగ్గర ఇంకొకరిని కూర్చోనిచ్చేవాడు కాదు.

ఆ రెండు మాటలూ ఇంటికీ వచ్చేశాయి. ఐదేళ్ళ కూతురుంది, పొట్టి అంటారు. చెంచా పట్టుకుని కనబడ్డదల్లా కొట్టి తీర్పులు చెప్పేది. బిందె మోగు. తలుపు మూగ. నాన్న పొట్ట తినకముందు మోగు, తిన్నాక మూగ. "నా పొట్ట మీద నీ పెత్తనమేమిటే!" అని తండ్రి గోల పెట్టేవాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఊళ్ళో ఎక్కడ ఎవరు ఇరుక్కున్నా ఆయనకే ఫోను.

ఆ నవ్వులన్నీ కిందటేడు ఆగిపోయాయి. ఎందుకూ అంటే ఏం చెప్పను? ఎవరూ పోలేదు, ఏదీ పోలేదు. ఒకనాడు ఆమె మంచం దిగలేదు, అంతే. మర్నాడూ దిగలేదు. జుట్టు అట్టలు కట్టింది. పొట్టి పక్కనే కూర్చుని ఏడ్చినా చెయ్యి కదిలేది కాదు. అంత చెవి గల మనిషికి సొంత బిడ్డ ఏడుపు ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు ఉండేది. చుట్టాలు ఊరుకుంటారా! "కూర్చోబెట్టి మేపే మొగుడు దొరికితే ఇంతే" అన్నారు. అనేవాళ్ళ సొమ్మేం పోయింది?

ఒక సాయంత్రం పొట్టి చెంచాతో తల్లి నుదుటి మీద మెల్లగా తట్టింది. చెవి ఆనించి విన్నది.

"నాన్నా, అమ్మ మూగ" అంది.

 తెల్లారగానే ఆయన భార్య చెయ్యి పట్టుకుని, మనసుకి మందిచ్చే డాక్టరమ్మ దగ్గరికి నడిపించాడు.

మొదటి మందు పనిచెయ్యలేదు. రెండోది తిన్నది కడుపులో నిలవనివ్వలేదు. మూడోది పట్టింది. ఒక పొద్దున పాలు పొంగిపోతుంటే ఆమె గబుక్కున లేచొచ్చి స్టవ్వు కట్టేసి, "కళ్ళెక్కడ పెట్టుకున్నారండీ?" అని మొగుణ్ణి కసిరింది. తిట్లు తిని అంత సంబరపడ్డ మొగుడు భూమ్మీద ఇంకొకడు ఉండడు. పొట్టి నుదురు కొట్టి చూసి "మోగు!" అని గంతులేసింది. కొన్నాళ్ళకి పాముచెవి మళ్ళీ తన బల్ల దగ్గర కూర్చుంది.

అక్కడితో అయిపోతే ఎంత బాగుండును!

ఒక మధ్యాహ్నం అన్నం వేళ మిషన్లు ఆపారు. ఎవరో కప్పు కొట్టినట్టు ఖంగుమని వినబడింది. ఆ మోత సన్నగా, తీగలా సాగుతోంది. ఎంతకీ ఆగదు. "ఎవర్రా అది, అన్నం తినేటప్పుడు కూడా?" అని కేకేసింది. అందరూ చేతిలో ముద్ద పట్టుకుని ఆమెవైపు చూశారు. పుల్ల ఆమె పక్కనే ఉంది. ఎవరూ ఏదీ కొట్టలేదు.

మేస్త్రి దగ్గరికి వెళ్ళింది.

"బాబాయ్, మోగుతోంది."

"మోగితే కుడిపక్కన పెట్టు."

"కప్పు కాదు బాబాయ్. చెవి."

"చెవైనా అంతేనమ్మాయ్, మోగితే కుడిపక్కే!" అని ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన్ని అనడానికేముంది? ఆ కార్ఖానాలో మోగడమంటే బాగుండడం. మోగుతోంది మొర్రో అంటే జబ్బని ఎవడనుకుంటాడు?

డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. చెవులు పరీక్ష చేయించింది. గుబిలి లేదు, చీము లేదు.

"కొద్దిమందికి ఈ మందుతో ఇలా అవుతుందమ్మా. కొంచెం తగ్గించి చూద్దాం. మీ అంతట మీరు మాత్రం ఒక్కసారిగా మానెయ్యొద్దు."

"తగ్గిస్తే మోత పోతుందా అమ్మా?"

"పోవచ్చు. గట్టిగా చెప్పలేను."

తగ్గించారు. మోత తగ్గలేదు కానీ మంచం రమ్మని పిలవడం మొదలెట్టింది. మళ్ళీ పెంచారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మనసు కావాలంటే చెవి వదులుకోవాలి, చెవి కావాలంటే మనసు. ఇదేం బేరం?

ఇంట్లో ఆ మోత గురించి మొగుడితో చెప్పుకుంటే ఆయన ఆలోచించి, తనకు తెలిసిన ధైర్యం చెప్పాడు. "లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు గంట నొక్కుతారే, ఆ గంట మోగుతోందంటే లోపల మనిషి బాగానే ఉన్నట్టు."

"వాళ్ళకి మీరెళ్ళి తలుపు తీస్తారుగా?" అంది ఆమె. 

బల్ల దగ్గర మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెప్తే పుల్ల పోతుంది. పుల్ల పోతే తనెవరు? చెవి లేని పాముచెవిని ఏమని పిలుస్తారు? ఇప్పుడు ఏ కప్పు కొట్టినా ఖంగుమంటోంది. కప్పు మోగుతోందో, తను మోగుతోందో తెలియదు. వెలుతురికి ఎత్తి చూసేది, గోటితో అంచు తడిమేది, చివరికి దొంగకు తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా కుడిపక్కకి తోసేది. ఎడంపక్క తొట్టి ఖాళీగా ఉంటోంది. "బట్టీ బాగా పడుతోందే" అని మేస్త్రి మురిసిపోయాడు.

ఒకరోజు నీలం అంచు కప్పు ఒకటి ముద్దొచ్చింది. తనే కొట్టి, మోగు అనుకుని, మేస్త్రినడిగి పొట్టికని తెచ్చింది. పొట్టి అలవాటు చొప్పున చెంచాతో కొట్టింది.

"అమ్మా, ఇది మూగ."

"కాదు, మోగు."

"మూగే!"

"నాకంటే నీకు ఎక్కువ తెలుసా? నోర్మూసుకుని పాలు తాగు!" అని అరిచింది. అంతలా ఎప్పుడూ అరవలేదు. వేడివేడి పాలు పోసింది. పొట్టి బెదిరిపోయి రెండు చేతులా కప్పు పట్టుకుంది. కప్పు నిలువునా విడిపోయింది.

వేళ్ళు ఎర్రగా కమిలాయి. తండ్రి ఎత్తుకుని కుళాయి కింద పెట్టాడు. ఏడుస్తూ పొట్టి ఒక్కటే మాట. "నేను చెప్పాను కదమ్మా, నేను చెప్పాను కదా." ఆ మాట వినబడకుండా ఏ మోతా అడ్డు రాలేదు.

ఆ రోజే ఎవరితోనూ చెప్పకుండా మాత్రలు మానేసింది. తన చెవి తనకు రావాలి, అంతే. డాక్టరమ్మ చెప్పింది పెడచెవిన పెట్టింది. తల తిరిగింది, ఒళ్ళు జివ్వుజివ్వుమంది. మోత మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఎక్కడిదక్కడే ఉంది. వారం తిరక్కుండా కాళ్ళు బరువెక్కాయి. కార్ఖానాకి ఒంట్లో బాగాలేదని కబురు పంపి మంచం ఎక్కింది. అంటే రెండూ పోయాయన్నమాట! చెవీ రాలేదు, మనసూ పోయింది.

పొట్టి కమిలిన వేళ్ళతోనే చెంచా పట్టుకుని వచ్చింది. నుదుటి మీద తట్టింది. చెవి ఆనించి చాలాసేపు విన్నది. ఈసారి నాన్నని పిలవలేదు. తల్లి భుజం పట్టుకుని మెల్లగా తోసింది.

"ఎడంపక్కకి జరుగమ్మా" అంది, ఎంతో మర్యాదగా.

 ఎడంపక్కన తొట్టి ఉంటుందని పొట్టికి ఆమే నేర్పింది. అందులో పడ్డది పైకి రాదనీ తనే నేర్పింది.  ఆమె మొగుణ్ణి పిలిచి, మాత్రలు మానేశానని చెప్పేసింది. ఆయన తిట్టలేదు. చెప్పులు వేసుకుని, డాక్టరమ్మ దగ్గరికి పద అన్నాడు.

మందు మళ్ళీ మొదలై, కాళ్ళు నేల మీద నిలిచాక కార్ఖానాకి వెళ్ళి మేస్త్రి ముందు నిలబడింది.

"బాబాయ్, నాకు మూగ వినబడదు. అన్నీ మోగుతున్నాయి. మనసు బాగాలేక మందు వాడుతున్నాను, దానివల్ల. కొంతకాలంగా నేను కుడిపక్కకి తోసినవన్నీ మళ్ళీ కొట్టించండి. మా పిల్ల చెయ్యి కాలింది."

మేస్త్రి ఈసారి నవ్వలేదు. "అప్పుడే చెప్పొచ్చు కదమ్మాయ్" అన్నాడు.

"చెప్పాను బాబాయ్. మోగుతోందని చెప్పాను."

ఆయన తల దించుకుని పుల్ల తీసుకున్నాడు. పిడులు అతికించే గదిలో చోటు చూపించాడు. అక్కడంతా పచ్చి కప్పులు. పచ్చి మట్టి మోగదు, మూగా కాదు. ఎవరూ ఏమీ కొట్టని ఆ గదిలో, చేతులకి మట్టి పూసుకుని, రోజంతా ఆమె తన మోత తనే వింటూ కూర్చుంటుంది. బయటికి పోవడానికి దానికి దారి లేదు, దాన్ని వదిలిపోవడానికి ఆమెకీ లేదు.

ఒక సాయంత్రం ఆమె ఇంటికొస్తే పొట్టి చెంచాతో ఎదురొచ్చింది. నుదుటి మీద తట్టి, చెవి ఆనించింది. మొహం విప్పారింది.

"మోగు! అమ్మా, మోగుతున్నావు!"

"నీకూ వినబడుతోందా?"

"ఓ! ఎంత గట్టిగానో!" అని పొట్టి తల్లిని కుడిపక్కకి లాక్కుపోయి, ఒళ్ళో ఎక్కి, మెడ చుట్టూ చేతులు వేసింది. తర్వాత ఏదో భయం గుర్తొచ్చినట్టు చెవిలో రహస్యంగా చెప్పింది.

"ఆగనివ్వకమ్మా."

"ఆగనివ్వనులే" అంది ఆమె, పళ్ళ బిగువున.