ఎల్సీ తిరిగిచ్చిన బాకా

బాకా నేర్పే మాస్టారికి ఇక జీతం ఇవ్వలేమని కౌంటీ విద్యాశాఖ నుంచి ఉత్తరం వచ్చింది. ఆ వారమే మా బడి పాలకమండలి కూర్చుంది. పిల్లల లైబ్రరీలో, పిల్లల కుర్చీల్లో, మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాం. అయిదో తరగతి చెబుతాను కాబట్టి టీచర్ల తరఫున నాకూ ఒక ఓటు ఉంది.

హెడ్‌మిస్ట్రెస్ ఆక్స్‌లీ ఉన్నదున్నట్టు చెప్పింది. "తరగతి మొత్తానికి కలిపి సంగీతం నేర్పితే డబ్బు అడక్కూడదు, అది చట్టం. ఇద్దరు ముగ్గురిని విడిగా కూర్చోబెట్టి నేర్పితే అడగొచ్చు. అడుగుదామా, బాకాలు బీరువాలో పెట్టి తాళం వేద్దామా?"

"చదవడం రాని పిల్లల దగ్గర కూర్చునే ఆవిడ ఉందిగా, ఆవిణ్ణి తీసేస్తే ఆ జీతం మిగులుతుంది," అన్నాడొక పెద్దాయన.

"ఆవిడ కూర్చునేది మీ మనవడి దగ్గరే బాబూ," అంది ఆక్స్‌లీ. అందరూ నవ్వారు.

అప్పుడు నేనొక మాట చెప్పాను. ఫీజు పెడదాం, కానీ ఇంట్లో జరగదని దరఖాస్తు పెట్టుకుని బళ్లో ఉచిత భోజనం తినే పిల్లలకు పాఠం కూడా ఉచితం చేద్దాం. అందరికీ నచ్చింది. చేతులు లేచాయి, నాదీ లేచింది.

ఆ మాట చెప్పినప్పుడు నా మనసులో ఉన్నది ఎల్సీ. మాది మూతపడిన బొగ్గుగని ఊరు. మా వీధిలో విశ్వవిద్యాలయం గడప తొక్కిన మొదటిదాన్ని నేనే. నన్ను అంతదూరం తీసుకెళ్లింది బాకాయే. గని బ్యాండులో వాయించే విల్ఫ్ టీస్‌డేల్ నా గడ్డం పట్టుకుని ఊదడం నేర్పాడు. ఎల్సీ ఆయన మనవరాలు, నా తరగతిలోనే చదువుతూ బడి బాకా మీద నేర్చుకుంటోంది. ఆయన పింఛను మీదే ఇద్దరూ బతుకుతున్నారు. ఉచితం జాబితాలో ఆ పిల్ల పేరు ఎందుకుండదు అనుకున్నాను.

జాబితా వచ్చింది. పేరు లేదు.

రోజూ మధ్యాహ్నం ఎల్సీ నా కళ్లెదుటే ఇంటినుంచి తెచ్చుకున్న రొట్టెల డబ్బా మూత తీస్తుంది. రోజూ చూస్తూనే ఉన్నాను. విల్ఫ్ తాత భోజనానికి ఎన్నడూ దరఖాస్తు పెట్టలేదు.

శనివారం ఫారం పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను.

"ఏమే జూడీ, కాగితాలతో వచ్చావ్? జప్తు చేస్తావా ఏంటి ఇల్లు?" అని నవ్వబోయి దగ్గులో పడిపోయాడు. ఊపిరితిత్తుల నిండా గని దుమ్మే. లేకుంటే మనవరాలికి తనే నేర్పుకునేవాడు.

"ఒక్క సంతకం తాతా. భోజనం ఉచితం, పాఠమూ ఉచితం."

"నా పిల్లకి తిండి నేను పెట్టుకోలేనా?"

"గని సమ్మె జరిగిన ఏడాదంతా మనం సంఘం హాల్లో ఉచితంగా సూప్ తాగలేదూ? నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని మరీ తాగించావు."

"అది మనం వండుకున్నది తల్లీ. బంగాళాదుంపల తొక్కలు నేనే తీశా. వీడు లేనివాడని ఎవరి మీదా చీటీ రాయలేదు."

"పోనీ నేను కడతా."

"నీకు నేర్పినందుకు మీ నాన్న దగ్గర ఏం తీసుకున్నానని? టీ తాగి వెళ్లు."

మెట్ల మీద కూర్చుని ఎల్సీ అంతా వింది.

సోమవారం బాకా పెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టింది. పాఠం మానితే బడి బాకా బడికి ఇచ్చేయాలి. తెరిచి చూస్తే ఇత్తడిలో నా ముఖం కనిపించింది. మూడు మీటలకూ నూనె వేసి, ఊదే ముక్కను కడిగి గుడ్డలో చుట్టారు.

"నిన్నంతా తాత తుడుస్తూనే ఉన్నాడు మిస్. తర్వాత వచ్చే పిల్లకి శుభ్రంగా అందాలట."

"నీకు బాధగా లేదూ బంగారం?"

"నాకు అంతగా రాదులెండి మిస్," అంది. అబద్ధం. తరగతిలో పై స్వరం అందరికంటే ముందు పలికించింది ఆ పిల్లే.

ఏడాది తిరిగింది. ఎల్సీ ఆరో తరగతికి వచ్చింది, మా బళ్లో అదే ఆఖరిది. మళ్లీ అవే కుర్చీలు. "బాకా ఫీజు గురించి తల్లిదండ్రుల ఫిర్యాదులు: లేవు. కొనసాగిద్దామా?" అని చదివింది ఆక్స్‌లీ.

"ఒకటుంది," అన్నాను. బీరువా తెరిచి ఆ పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాను. ఏడాదిగా దాన్ని ఎవరూ అడగలేదు. రొట్టెల డబ్బా సంగతి చెప్పాను. ఆ నియమం పెట్టమన్నది నేనేనని కూడా చెప్పాను.

"మినిట్స్‌లో రాయిస్తాను జూడిత్," అంది ఆక్స్‌లీ మెల్లగా. "వచ్చే ఏడాదికి తప్పకుండా చూద్దాం."

వచ్చే ఏడాదికి ఎల్సీ మా బళ్లో ఉండదు.