గాల్లో ఆగిన పెట్టె

భవనం కడుతున్న చోట క్రేన్ నడిపే మనిషిని కింద పనివాళ్లు "పైవాడు" అనేవారు. మొక్కితే పలకడు, తిడితే వినపడదు అని వేళాకోళం. భార్య పోయాక అతనికి మాటలు కూడా తగ్గిపోయాయి. మధ్యాహ్నం అందరూ తిండికి వెళ్లినా, అంత ఎత్తు నిచ్చెన దిగి ఎక్కే ఓపిక లేక డబ్బా విప్పుకుని కేబిన్‌లోనే తినేవాడు.

ఆ రోజు ముద్ద నోట్లో ఉండగానే చూశాడు. స్తంభాల్లో సిమెంటు తగ్గిందని పొద్దున రాసుకున్న ఇంజనీరమ్మను, మేస్త్రీ, లారీ డ్రైవరు ఈడ్చుకొచ్చి ఇనుప కంటైనర్లోకి తోసి తాళం వేశారు.

డబ్బా పక్కన పెట్టేశాడు. పోలీసులకు ఫోన్ చేశాడు. పది నిమిషాలు పడుతుందన్నారు. అంతలో వాకీటాకీలో మేస్త్రీ పిలిచి, పాత సామాన్లున్నాయి, కంటైనర్ లారీకెక్కించమన్నాడు.

కాదంటే ఇంకో దారి చూసుకుంటారు. సరేనని కొక్కెం దించాడు. డ్రైవరు గొలుసులు తగిలించాక, నిండు కుండను ఎత్తినట్టు మెల్లగా పెట్టెను లేపాడు. మూడంతస్తుల ఎత్తుకు తీసుకెళ్లి ఆపేశాడు.

"దించవేం?"

"బ్రేకు పట్టేసింది."

మేస్త్రీ తల పైకెత్తి చూశాడు. పైనుంచి ఇతను అంతా చూసేశాడని అర్థమైంది. ఇనుప రాడ్ నడుముకు దోపుకుని నిచ్చెన ఎక్కడం మొదలెట్టాడు.

అప్పుడే గాలి లేచింది. పెట్టె ఊగుతోంది. లివర్ వదిలితే లోపలి మనిషి గోడలకు కొట్టుకుంటుంది, వదలకపోతే మేస్త్రీ వచ్చేస్తాడు. కేబిన్ నేలలో ఉన్న తలుపుకు గడియ పెట్టి, దానిమీద రెండు కాళ్లూ తన్నిపెట్టి, చేతులు లివర్ల మీదే ఉంచాడు. కింద నుంచి దెబ్బ పడింది. ఇంకోటి. గడియ వంగింది. పెట్టె ఎటు ఊగితే అటు కొక్కెం జరుపుతూ ఊపు తగ్గిస్తూనే ఉన్నాడు.

"నీకేమవుతుందిరా ఆమె?" అని అరిచాడు మేస్త్రీ.

జవాబు చెప్పేలోపే గేటు దగ్గర సైరన్ మోగింది. దెబ్బలు ఆగిపోయాయి. అంత ఎత్తు నుంచి పారిపోవడానికి మేస్త్రీకి నిచ్చెన తప్ప దారి లేదు. దాని అడుగున నిలబడ్డ పోలీసుల చేతుల్లోకే దిగాడు. డ్రైవరు లారీ వదిలేసి గోడ దూకబోయి చిక్కాడు.

పెట్టెను దూది మీద పెట్టినట్టు దించి, అతనూ దిగాడు. పోలీసులు తాళం పగలగొట్టి ఆమెను బయటికి తెచ్చారు. ఇంజనీరమ్మ నుదుటి మీద చిన్న బొప్పి.

"ఎంతసేపు ఉన్నానన్నా గాల్లో?"

"పద్నాలుగు నిమిషాలమ్మా."

"నాకు ఏడాది గడిచినట్టుంది."

"నాకూ అంతే," అని పక్కనే ఇసుక మీద కూలబడ్డాడు. ఆమె కూడా కూర్చుంది. పోలీసులు పిలిచేదాకా ఇద్దరూ లేవలేదు.