తాతయ్య అతికిన తీగ

తెల్లారగానే మామ్మ గోడ తుడుస్తూ, "కాస్త పక్కకి జరగండి" అంది. తాతయ్య నీడ కిటికీ వైపు జరిగింది. ఆయన పోయి ఆరేళ్ళయింది. మనిషి వెళ్ళిపోయాడు గానీ నీడ ఇల్లు వదల్లేదు. కరెంటు పని చేసుకుని బతికిన మనిషి కదా, ఇప్పటికీ ఎక్కువసేపు స్విచ్చుల దగ్గరే ఉంటుంది.

ఆ రోజు మాత్రం కంప్యూటర్ బల్ల పక్కకి చేరింది. బల్ల ముందు మనవరాలు కూర్చుంది, వెనకాలే పిన్ని నిలబడింది. పిన్ని మామ్మకి చిన్నకూతురు. గొంతు ఆపరేషన్ తర్వాత మాట పోయింది. ఏం చెప్పాలన్నా పలక మీద రాస్తుంది. అంతకుముందు పదేళ్ళు, చూపులేని పిల్లల కోసం పాఠాలు చదివి రికార్డు చేసింది. అవన్నీ ఒక పాత డిస్క్‌లో ఉన్నాయి. వాటిని పంపిస్తే ఆమె సొంత గొంతుతోనే పలికే యంత్రం చేయిస్తామన్నారు ఆసుపత్రివాళ్ళు. ఆ సాయంత్రం నాలుగింటికే గడువు. దాటితే ఎవరిదో ఒక గొంతు పెట్టేస్తారు.

డిస్క్‌ని తీగతో కంప్యూటర్‌కి తగిలించి పాఠాలు కాపీ చేస్తుంటే, మొదలైన మూడు నిమిషాలకే డిస్క్ తెర మీంచి మాయమవుతోంది.

"లినక్స్ లాగ్‌లో, అదే కంప్యూటర్ రాసుకునే చిట్టాలో, ప్రతిసారీ ఒకటే మాట మామ్మా, యూఎస్‌బీ డిస్‌కనెక్ట్ అయిందని. మనం ముట్టుకోలేదు, దానికదే పోతోంది."

"అలిగిందేమోనే. మీ తాతయ్యలాగే, నాలుగుసార్లు పిలిస్తే గానీ రాదు."

కరెంటు ఆదా కోసం డిస్క్‌ని నిద్రపుచ్చే అమరికని మనవరాలు ఆపేసింది. ఈసారి డిస్క్ ఐదు నిమిషాలు నిలిచింది. తీగని కంప్యూటర్‌కున్న వేరే పోర్టులో గుచ్చింది. రెండు నిమిషాలే. డిస్క్‌ని పరీక్షిస్తే ఏ లోపమూ లేదు.

"ఇంక కేబుల్ మార్చాలి" అంది నెమ్మదిగా.

ఎప్పుడో తెగిన ఆ కేబుల్‌ని తాతయ్యే అతికి నల్ల టేపు చుట్టాడు. ఆయన బాగుచేసిన వస్తువు ఆ ఇంట్లో ఎవరూ తీసెయ్యరు. ఆయన పిడి కట్టిన గొడుగు తెరుచుకోకపోయినా తలుపు వెనక వేలాడుతూనే ఉంది.

"ఆయన అతుకు ఊడటమేంటే! అలా అనకు" అంది మామ్మ.

పిన్ని పలక మీద రాసింది: 'ఉండనీ. నాన్న చేసిన తీగ. ఏ గొంతుతోనైనా సర్దుకుంటాలే.'

మధ్యాహ్నం రెండయింది. నీడ గోడ మీంచి దిగి, బల్ల మీద మెల్లగా పాకి, నల్ల టేపు మీద వేలు పెట్టింది. తల అడ్డంగా ఊపింది.

"బతికుండగా ఒక్కనాడూ తప్పు ఒప్పుకోలేదు ఈ మనిషి" అంటూ మామ్మ కళ్ళొత్తుకుంది. "తీసెయ్యవే తల్లీ."

మనవరాలు వీధి చివరి కొట్టుకి పరిగెత్తి కొత్త కేబుల్ తెచ్చింది. మామ్మ కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటూ కూర్చుంది. లాగ్‌లో మళ్ళీ ఆ మాట పడలేదు. మూడుంబావుకి కాపీ పూర్తయింది, నాలుగు కాకముందే పాఠాలు ఆసుపత్రికి చేరాయి. పాత కేబుల్‌ని మామ్మ బట్టల మధ్య దాచుకుంది.

నెల తర్వాత, పిన్ని తన చిన్న యంత్రం మీద ఏదో టైపు చేసింది. పదేళ్ళు పాఠాలు చెప్పిన గొంతు గది నిండా పలికింది:

"నాన్నా, కాస్త పక్కకి జరుగు. వెలుతురుకి అడ్డొస్తున్నావు."

నీడ జరిగింది.