సొట్ట పడిన క్యారియర్

ఏంజెల్ పోయింది శనివారం పగలు పదకొండింటికి. చర్చి తరఫున, దిక్కులేని రోగులకు అన్నం పట్టుకుని ప్రతి శనివారంలాగే స్కూటీ మీద దవాఖానకు బయలుదేరింది. నర్సంపేట రోడ్డులో పత్తి వ్యాను గుద్దింది. పోలీసులు తల్లి లిదియాకు ఆ పిల్ల చెప్పులూ, సొట్ట పడిన క్యారియర్ డబ్బా అప్పగించారు. కాగితంలో 'ప్రమాదవశాత్తు' అని రాశారు. లిదియా ఇరవై రెండేళ్లుగా బడిపిల్లల తప్పులు దిద్దుతున్న టీచర్. డ్రైవర్ ఫోన్ మాట్లాడుతూ బండి నడిపాడని చూసినవాళ్లు చెప్పారు. ఇంటికొచ్చి కాగితంలోని 'ప్రమాదవశాత్తు'ను ఎర్ర పెన్నుతో కొట్టేసింది.

డ్రైవర్ సారంగపాణిది పరకాల. వ్యాను బోల్తా పడి, కుడిచెయ్యీ తొడా విరిగి అదే దవాఖానలో చేరాడు.

ఏంజెల్ పోయిన దుఃఖంలో ఓదార్చడానికి చర్చివాళ్లు పెట్టిన ఆదరణ కూటంలో పాస్టర్ ప్రభుదాసు, ఆకలిగొన్న శత్రువుకు అన్నం పెడితే వాడి నెత్తిన నిప్పులు పోసినట్టే అన్నాడు. ప్రేమ గురించి ఇంకా చాలా చెప్పాడు. లిదియా నిప్పుల దగ్గరే ఆగిపోయింది.

మర్నాటి నుంచి బడి కాగానే సారంగపాణి మంచం దగ్గరికి అన్నం తీసుకెళ్లసాగింది. ఎవరని అడిగితే, చర్చి నుంచి వచ్చిన టీచర్‌ని అంది. ఇంట్లో మంచి డబ్బా ఉన్నా ఆ సొట్టదే కట్టింది. వాడు చూడాలి. వాడే అడగాలి. ఏం చెప్పాలో పాఠంలా సిద్ధం చేసుకుంది.

వాడు చూడలేదు. మామిడికాయ పప్పు బాగుందన్నాడు. వాడి తల్లి సమ్మమ్మ అయితే రోజూ, "నీ పిల్లలు సల్లగుండాలె టీచరమ్మా" అని దీవించేది. లిదియా పంటి బిగువున ఓర్చుకుని గిన్నెలు సర్దుకునేది.

పదకొండో రోజు సారంగపాణి నవ్వాడు. "అక్కా, గీ డబ్బకు సొట్ట ఎట్ల వడ్డది? బావ మీద ఇసిరినవా ఏంది?"

"నీ బండి గుద్దితే వడ్డది" అంది లిదియా. "నా బిడ్డ పట్టుకపోతుండె. పేరు ఏంజెల్."

వాడి ఎడమచేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. గిన్నె నెట్టేసి ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. లిదియాకు పదకొండు రోజుల తర్వాత కడుపు నిండినట్టయింది. సంచీ తీసుకుని లేచింది.

సమ్మమ్మ అడ్డం వచ్చింది. "నీ కాళ్లు మొక్కుత. ఆడు తినకుంటె గోలీలు ఎయ్యనియ్యరు. నా మాట ఇంటలేడు."

గుమ్మం దాకా వెళ్లింది లిదియా. తిననని మొండికేసే రోగుల గురించి ఏంజెల్ ఇంట్లో చెప్పేది: "ఊకుంటనా మమ్మీ? నోట్లె పెట్టే వస్త."

వెనక్కి వచ్చింది. అన్నం కలిపి ముద్ద చేసింది.

"తిను."

"నన్ను కొట్టక్కా. అన్నం వద్దు."

"కొడితే రెండు రోజుల్ల మర్చిపోతవ్. నువ్వు బతకాలె. బతికినన్ని దినాలు నా బిడ్డ యాదికి రావాలె. నోరు తెర్వు."

తెరిచాడు. ఏడుస్తూనే మింగాడు. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆమె తినిపించింది. మూతి కూడా తుడిచింది.

మర్నాడూ అదే డబ్బాలో అన్నం తీసుకెళ్లింది. 'క్షమించాను' అన్న మాట మాత్రం సారంగపాణికి ఇంకా చెప్పలేదు.