వణుకు ఎవరిది

ఆప్టికల్ ఫైబర్ గాజుదారం కొసను స్పిరిట్‌లో తడిపిన మెత్తటి గుడ్డతో ఒక్కసారి తుడిచాడు. రెండోసారి తుడవడు. తుడిస్తే మొదటిసారి సరిగా తుడవలేదని ఒప్పుకున్నట్టే. వెంట్రుకంత సన్నని ఆ కొసను నిటారుగా తెంపి, స్ప్లైసింగ్ మిషన్ గాడిలో పడుకోబెట్టి, ఎదురుగా రెండో కొసను పెట్టి మూత వేశాడు. లోపల చిన్న మెరుపు మెరిసి రెండు దారాలూ ఒక్కటయ్యాయి. మనిషి పొట్టి, వేళ్ళు మాత్రం పొడుగు. గోళ్ళు చర్మం దాకా కత్తిరించి ఉంటాయి, ఎడమ బొటనవేలి నిండా గాజుముక్కలు గుచ్చుకున్న పాత మచ్చలు. జుట్టు నెరిసేదాకా చేసింది ఈ ఒక్క పనే. అందుకే వర్క్‌షాపులో అందరికీ ఆయన దారం బాబాయి. అసలు పేరు జీతం స్లిప్పు మీద తప్ప ఇంకెక్కడా కనబడదు.

దారం బాబాయి ఖాళీగా కూర్చోగా ఎవరూ చూడలేదు. పని లేకపోతే బల్ల తుడుస్తాడు, స్క్రూలు సైజుల వారీగా ఏరుతాడు, తుడిచిన బల్లనే మళ్ళీ తుడుస్తాడు. కూర్చోబెట్టి జీతమిస్తామన్నా బాబాయ్ తీసుకోడని తోటివాళ్ళ వేళాకోళం. వాళ్ళకేం తెలుసు పాపం! పని చేస్తున్నంతసేపూ రాయిలా ఉండే ఆ కుడిచెయ్యి, ఊరికే ఉంచితే చాలు, వణకడం మొదలుపెడుతుంది. బొటనవేలూ చూపుడువేలూ కలిసి చిటికెడు ఉప్పును నలుపుతూనే ఉన్నట్టుంటుంది. టీ కూడా ఆయనకు అరగ్లాసే పోయాలి. నిండుగా పోస్తే ఒలుకుతుంది. ఎవరైనా అడిగితే కడుపులో మంట అని అబద్ధమాడతాడు.

సంగతి తెలిసింది ఇంట్లో భార్య ఒక్కదానికే. ఆ ఉదయం బస్సు వేళ కోసం ఆయన కుర్చీలో కూర్చుంటే, మోకాలి మీద ఆడుతున్న చేతిని తన అరచేత్తో అదిమిపెట్టింది.

"డాక్టరుకి చూపించుకోమంటే వినరు. ఎన్నాళ్ళు దాస్తారిలా?"

"పని చేస్తుంటే వణకట్లేదుగా. వాళ్ళకి తెలిస్తే ఆ బల్ల దగ్గరికి రానివ్వరు. ఇంట్లో కూర్చున్నాననుకో, ఇక రోజంతా వణకడమే."

"మీరు చెప్పకపోతే ఆ చెయ్యే చెప్తుంది, ఏదో ఒక రోజు," అంది ఆమె, చెయ్యి తీయకుండానే.

ఇప్పుడు తయారవుతున్న పెట్టె ఒక పొడవాటి వంతెన కోసం. వంతెన పొడవునా అతికించిన గాజుదారంలోకి లేజర్ కాంతిని పంపుతారు. తిరిగొచ్చే కాంతిని బట్టి వంతెన ఏ చోట వేడెక్కిందో, ఏ చోట సాగిందో చెప్పొచ్చు. చిక్కల్లా ఆ లేజర్‌తోనే. దాని కాంతి దానంతటదే సన్నగా వణుకుతుంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, వణికేది తానై ఉండి వంతెన వణుకుతోందంటుంది. అందుకని ఆ కాంతిలోనే ఒక పాయ తీసి, పెట్టెలో కదలకుండా పడుకున్న దారపు కండెలోకి పంపుతారు. కదలని కండెలో కనబడే వణుకంతా లేజర్‌దే కదా! దాన్ని వంతెన లెక్కలోంచి తీసేస్తే మిగిలేది నిజం. ఆ కండెను చుట్టేది దారం బాబాయి. బిగిస్తే దారం సాగుతుంది, వదిలేస్తే జారుతుంది. నిద్రపోతున్న పసిపిల్లను దుప్పట్లో చుట్టినట్టు చుట్టాలంటాడు. ఈసారి కండె చుట్టడానికి ఆయనకు నెలలు పట్టింది.

మధ్యాహ్నానికి చివరి జాయింటు పూర్తయింది. కండెను మెత్తటి స్పాంజి మధ్య పెట్టి పెట్టె మూత బిగించాడు. వంతెనకు బదులుగా పక్కగదిలో పొడవాటి దారం పరిచి ఉంది. లేజర్ వణుకు తీసేశాక ఇంకా మిగిలే వణుకును గీతగా చూపే స్క్రీన్ ముందు ఇంజనీరమ్మ కూర్చుంది.

"సాయంత్రం దాకా ఈ గీత నిలకడగా ఉంటే రేపు పెట్టె వంతెనకి వెళ్ళిపోతుంది బాబాయ్. మనిద్దరం కదలకూడదు, సరేనా?"

ఆయనకు చేతకాని పని అదొక్కటే. భయం వేసింది. స్టూలు మీద కూర్చుని, వణుకుతున్న చేతిని ఆమెకు కనబడకుండా పెట్టె అవతల బల్ల అంచుకు ఆనించి అదిమాడు. స్క్రీన్ మీద గీత దిగుతూ దిగుతూ, మునుపెన్నడూ లేనంత కిందికి దిగింది.

"అబ్బ, ఏం చుట్టారు బాబాయ్," అంది ఇంజనీరమ్మ. ఆయనకు కడుపు నిండినట్టయింది. అంతలోనే చదునైన ఆ గీతలో చిన్న బుడిపె లేచింది.

ఆమె ఫ్యాన్ ఆపింది. ఏసీ ఆపింది. ఫోన్ చేసి పెరట్లో నీళ్ళ మోటారు ఆపించింది. ఇద్దరికీ చెమటలు పట్టాయి గానీ బుడిపె పోలేదు. ఇన్నాళ్ళూ లేజర్ వణుకు కింద దాక్కున్నదేదో, ఆ వణుకు తగ్గేసరికి బయటపడింది.

టీ ఆవిడ తలుపు సందులోంచి అరగ్లాసు అందించింది. ఆయన బల్ల మీంచి చెయ్యి తీసి గ్లాసు అందుకున్నాడు. బుడిపె మాయమైంది. గ్లాసును కిటికీ గట్టు మీద పెట్టి, చేతిని మళ్ళీ బల్లకు ఆనించాడు. బుడిపె లేచింది. గబుక్కున చేతిని జేబులో దోపుకున్నాడు.

"వస్తోంది, పోతోంది," అంది ఇంజనీరమ్మ నీరసంగా. "కండె ఎక్కడో జారుతున్నట్టుంది బాబాయ్. ఇలాగే పంపితే వంతెన బాగున్నా సాగిందంటుంది. మనసొప్పట్లేదు గానీ, విప్పక తప్పదు."

విప్పితే ఆ దారం మళ్ళీ పనికిరాదు. జేబులో చెయ్యి జేబులోనే ఉంటే రేపు కూడా ఈ బల్ల ఆయనదే, కండె మాత్రం చెత్తబుట్టది. ఆ చెయ్యి జన్మలో చేసిన పనులన్నిటిలోకీ మంచిది ఆ కండె. ఇంజనీరమ్మ స్క్రూడ్రైవర్ అందుకుంది.

"విప్పకండమ్మా," అన్నాడు. "కండెలో ఏ లోపమూ లేదు. మీరు స్క్రీన్ చూస్తూ ఉండండి."

చేతిని జేబులోంచి తీసి, ఈసారి ఆమె ఎదుటే బల్ల మీద పెట్టాడు. బుడిపె లేచింది. తీశాడు, పోయింది. మళ్ళీ పెట్టాడు. ఇంజనీరమ్మ స్క్రీన్‌ని వదిలేసి ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది.

"ఎప్పట్నుంచి?"

"ఈ కండె మొదలుపెట్టకముందు నుంచే."

"మరి ఈ జాయింట్లన్నీ..."

"పని చేస్తుంటే వణకదమ్మా. ఊరుకుంటేనే."

"నాకు ముందే చెప్పుండొచ్చుగా బాబాయ్."

"చెప్తే చుట్టనిచ్చేవారా?"

ఆమె స్క్రూడ్రైవర్ కింద పెట్టేసింది. వణికే చేతికి ఈ బల్ల దగ్గర చోటు లేదన్న నియమం ఆమె పెట్టింది కాదు. కొత్తగా చేరిన ప్రతివాళ్ళకూ దారం బాబాయి తానే మొదటిరోజు చెప్పే మాట అది.

"ముందు డాక్టరుకి చూపిద్దాం, నేనూ వస్తాను. తర్వాత స్టోర్సులోనో ఎక్కడో..." అంటూ ఆగిపోయింది. ఆయన అప్పటికే వర్క్‌షాపు కోటు విప్పి మడతపెడుతున్నాడు.

"ఈ బల్ల దగ్గర నేనున్నంతసేపూ ఆ గీత నిలవదమ్మా. పెట్టె రేపు పంపించెయ్యండి. వెళ్ళొస్తాను."

వెళ్ళొస్తానన్నాడు గానీ ఇక రాడని ఇద్దరికీ తెలుసు. మెట్ల దగ్గర వాచ్‌మన్ ఎదురై, ఊగుతున్న ఆ చేతి వైపు వింతగా చూశాడు. దారం బాబాయి దాన్ని జేబులో పెట్టుకోలేదు.

గదిలో గీత ఒక్క బుడిపె కూడా లేకుండా సాయంత్రం దాకా సాగింది. పెట్టె మీద 'పాస్' అని లేబుల్ అతికించి, ఇంజనీరమ్మ లైటు ఆపబోతూ కిటికీ వైపు చూసింది. గట్టు మీద అరగ్లాసు టీ అలాగే ఉంది, చల్లారి, పైన తొరక కట్టి, రవ్వంత కూడా కదలకుండా.